కడుపునొప్పి అని రాసే సెలవుచీటీ
మగపిల్లలకు మనం నేర్పని ఒక మాట, దాని వెనుక ఉన్న ప్రాణం విలువ

బడిలో మగపిల్లలు రాసిచ్చే సెలవుచీటీలు ఒకసారి తిరగేసి చూడండి. జ్వరం, ఇంట్లో పెళ్లి, ఊరి ప్రయాణం. వీటి తరువాత తరచూ కనిపించే కారణం కడుపునొప్పి. అది నిజంగా కడుపునొప్పే కావచ్చు, కాకపోవచ్చు కూడా. నడుము కింద ఎక్కడ ఏ బాధ వచ్చినా మన పిల్లలు దానికి పెట్టే పేరు అదొక్కటే. ఆటలో బంతి తగలరానిచోట తగిలినా కడుపునొప్పే, గజ్జల్లో వాపు వచ్చినా కడుపునొప్పే. ఇంకో మాట వాళ్లకు మనం ఇవ్వలేదు.

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పదిహేడేళ్లవాడు. హోసూరులోనో, బళ్లారిలోనో, సోలాపూర్‌లోనో, బరంపురంలోనో పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివి ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. ఒకరోజు స్నానం చేస్తుండగా ఒక వృషణం మీద బఠాణీ గింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కనుక కడుపునొప్పి అని చెప్పుకునే దారి కూడా లేదు. నాన్నతో చెప్పాలంటే బెరుకు, అమ్మతో చెప్పాలంటే సిగ్గు, స్నేహితులతో చెబితే నవ్వులాట. అదే తగ్గిపోతుందిలే అనుకుంటాడు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి, ఆరు నెలలు గడుస్తాయి.

ఈ వ్యాసం ఆ ఆరు నెలల గురించే. అవి పోకుండా ఆపగలిగింది ఆసుపత్రి కన్నా ముందు ఇల్లు, బడి.

అరుదైనదే, కానీ కుర్రవయసుది

క్యాన్సర్ అనగానే పెద్దవయసు జబ్బు అనుకుంటాం. వృషణాల క్యాన్సర్ తీరు వేరు. అది ఎక్కువగా 15 నుంచి 39 ఏళ్ల మధ్య వస్తుంది. చదువు పూర్తవుతూ, ఉద్యోగం వెతుక్కుంటూ, పెళ్లి మాటలు నడుస్తూ ఉండే వయసు అది. ‘ఈ వయసులో నాకేమవుతుంది’ అని ధీమాగా ఉండే వయసు కూడా అదే.

భయపడాల్సినంత ఎక్కువగా వచ్చేది మాత్రం కాదు. మన దేశంలో ఏటా లక్షమంది మగవారిలో ఒకరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్ వంటి దేశాల్లో లక్షకు దాదాపు పదిమందికి వస్తుంది. అంటే మీ బడిలో చదివే పిల్లల్లో ఎవరికీ ఈ జబ్బు ఎన్నడూ రాకపోవచ్చు. మరి ఎందుకు చెప్పుకోవాలి? రెండు కారణాలున్నాయి. మొదటిది, గట్టి కణితుల క్యాన్సర్లలో ఇంత బాగా నయమయ్యేవి కొద్దే. అమెరికా లెక్కల ప్రకారం, జబ్బు వృషణం దాటకముందే పట్టుకుంటే నూటికి 99 మంది అయిదేళ్ల తరువాత కూడా బతికి ఉంటున్నారు. ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకాక చూపించుకుంటే ఆ సంఖ్య 70కి కాస్త పైన ఆగుతోంది. రెండోది, ఈ విషయం మాట్లాడటం నేర్చుకున్న పిల్లవాడు అదే చోట వచ్చే ఇతర బాధల గురించి కూడా దాచకుండా చెబుతాడు. వాటిలో ఒకటి గంటల్లో తేలాల్సిన ప్రమాదం. దాని సంగతి తరువాత చూద్దాం.

యువరాజ్ సింగ్ తిరిగి వచ్చిన దారి

2011 ప్రపంచకప్‌లో 362 పరుగులు, 15 వికెట్లతో టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన యువరాజ్ సింగ్‌ను పిల్లలకు పరిచయం చేయనక్కర్లేదు. ఆ టోర్నీ ఆడుతున్నప్పుడే అతనికి దగ్గు, వాంతులు ఉండేవి. తరువాత ఛాతీలో, రెండు ఊపిరితిత్తుల మధ్య కణితి ఉన్నట్టు తేలింది. దాని పేరు సెమినోమా.

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. యువరాజ్‌కు వచ్చింది వృషణాల క్యాన్సర్ కాదు. కానీ అదే కుటుంబానికి చెందినది. వీర్యకణాలను తయారుచేసే మూలకణాల నుంచి పుట్టే కణితులు దాదాపు ఎప్పుడూ వృషణాల్లోనే వస్తాయి. అరుదుగా ఛాతీ వంటి చోట్ల కూడా పుడతాయి. చికిత్స మాత్రం దాదాపు ఒకటే.

అతను చికిత్సకు వెళ్లింది అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గరకు. ఈ జబ్బు చరిత్రను మార్చిన వైద్యుడు ఆయనే. 1970ల ఆరంభం దాకా, శరీరంలో పాకిపోయిన వృషణాల క్యాన్సర్‌తో వచ్చినవారిలో నూటికి పదిమంది బతకడం కూడా కష్టంగా ఉండేది. 1974లో ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందును మరో రెండు మందులతో కలిపి ఇచ్చి చూశారు. ఆ కలయికను మొదట అందుకున్న యువకుడు ఆ తరువాత దశాబ్దాల పాటు బతికాడు. ముదిరిన దశలో వచ్చినవారిలో కూడా ఎక్కువమందికి నయం కావడం అప్పటినుంచే మొదలైంది.

యువరాజ్ 2012 సెప్టెంబరులో న్యూజిలాండ్‌తో టీ20కి మళ్లీ జట్టులోకి వచ్చాడు. విశాఖపట్నంలో జరగాల్సిన మ్యాచ్ వానకు పోయింది. మూడు రోజుల తరువాత చెన్నైలో బ్యాటు పట్టి 34 పరుగులు చేశాడు. ‘క్యాన్సర్ అంటే అంతే సంగతులు’ అనుకునే పిల్లవాడికి ఈ ఒక్క కథ చాలు.

ఎలా చూసుకోవాలి?

ఇది పిల్లవాడు తనంతట తాను, ఒంటరిగా, తలుపు వేసుకుని చేసుకునే పని. పట్టుమని రెండు నిమిషాలు పట్టదు.

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక వృషణాల సంచి చర్మం వదులవుతుంది. అదే అనువైన సమయం. ఒక్కో వృషణాన్ని విడిగా చూసుకోవాలి. బొటనవేలు పైన, చూపుడువేలు, మధ్యవేలు కింద ఉంచి నెమ్మదిగా దొర్లించాలి. పిసకకూడదు. పెంకు తీసిన ఉడికిన గుడ్డును తాకినట్టు నునుపుగా, కాస్త బిగువుగా ఉండాలి. వెనకవైపు మెత్తని తాడులాంటిది తగులుతుంది. అది వీర్యకణాలు నిలిచే గొట్టం, పేరు ఎపిడిడిమిస్. అందరికీ ఉంటుంది. దాన్నే గడ్డ అనుకుని బెంగపడే పిల్లలుంటారు, కనుక ముందే చెప్పాలి. ఒక వృషణం రెండోదానికన్నా కొద్దిగా పెద్దగా ఉండటం, ఒకటి కొంచెం కిందికి ఉండటం కూడా మామూలే.

డాక్టరుకు చూపించాల్సినవి ఇవి: వృషణం మీద గట్టి గడ్డ, నొప్పి ఉన్నా లేకపోయినా, ఒకటి కొత్తగా పెద్దదవడం, గట్టిపడటం, సంచిలో బరువుగా అనిపించడం, పొత్తికడుపులోనో గజ్జల్లోనో తగ్గని సలుపు, సంచిలో ఉన్నట్టుండి నీరు చేరడం. కొద్దిమందిలో రొమ్ములు వాచి నొప్పి పెట్టడం కూడా ఈ జబ్బు గుర్తే.

ప్రతి నెలా తప్పక చూసుకోవాలా? దీనిమీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. ఏ లక్షణమూ లేనివారికి ఇలాంటి పరీక్ష సిఫారసు చేయబోమని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2011లో చెప్పింది. జబ్బు అరుదు, ఆలస్యమైనా చాలామందికి నయమవుతుంది, లేనిపోని భయాలు, పరీక్షలు పెరుగుతాయి అన్నది వారి వాదన. అందులో న్యాయముంది. కాబట్టి దీన్ని నెలనెలా తప్పనిసరి నోములాగా పిల్లల నెత్తిన పెట్టనక్కర్లేదు. తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలియాలి, మారితే గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక దాచకూడదు. ఈ మూడు నేర్పితే చాలు.

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు

సంచిలో కనిపించే వాపుల్లో ఎక్కువ భాగం వేరే కారణాలవి. నీరు చేరితే వరిబీజం అంటాం. బోదకాలు జబ్బు ఉన్న తీరప్రాంతాల్లో పెద్దలకు ఇది తెలిసిన సంగతే. రక్తనాళాలు ఉబ్బితే పురుగుల సంచిని తాకినట్టుంటుంది. గవదబిళ్ళలు వచ్చిన కుర్రాళ్లకు కొందరికి వృషణాలు వాస్తాయి. ఇన్‌ఫెక్షన్ వల్లా వాపు రావచ్చు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు. ‘మీ తాతకూ ఇలాగే ఉండేది’ అని ఇంట్లో తేల్చేయకూడదు. వరిబీజం అనుకున్న వాపు వెనుక గడ్డ దాగి ఉండవచ్చు.

ఇక గంటల్లో తేలాల్సిన ప్రమాదం. వృషణాన్ని పట్టి ఉంచే నాళం మెలిపడి రక్తం ఆగిపోతుంది. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య జరుగుతుంది. అంటే సరిగ్గా మన హైస్కూలు పిల్లల వయసు. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాంతి, ఒక వృషణం పైకి లాగినట్టుండటం దీని గుర్తులు. సుమారు ఆరు గంటల్లో ఆపరేషన్ చేస్తే వృషణం చాలావరకు దక్కుతుంది. రోజు దాటితే దక్కడం కష్టం. ఇది క్యాన్సర్ కాదు, కానీ క్యాన్సర్ కన్నా మన బడుల్లో కనిపించే అవకాశమే ఎక్కువ. సిగ్గుపడే పిల్లవాడు దీన్ని కూడా ‘కడుపునొప్పి సార్’ అనే అంటాడు. మనం సోడా తాగించి బెంచీ మీద పడుకోబెడతాం. ఆరు గంటలు అక్కడే కరిగిపోతాయి.

పసివయసులోనే ఒక చూపు

తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మగబిడ్డ వృషణాలు పొత్తికడుపులో ఏర్పడి, పుట్టేలోగా సంచిలోకి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి ఒకటైనా దిగి ఉండదు. వారిలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే దిగుతుంది. ఆరు నెలలు నిండినా దిగకపోతే డాక్టరుకు చూపించాలి. ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్‌తో దాన్ని సంచిలోకి దింపుతారు. ఇలా దిగని వృషణంలో పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. యుక్తవయసు రాకముందే ఆపరేషన్ జరిగితే ఆ అవకాశం తగ్గుతుంది, సంతానానికీ మేలు.

పసివాడికి నలుగు పెట్టి నీళ్లు పోసే అమ్మమ్మకో, నాయనమ్మకో ఇది చూడటం ఒక్క క్షణం పని. పిల్లవాడికి పదేళ్లు వచ్చాక తెలిసినా ‘ఇప్పుడెందుకులే’ అనుకోకూడదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చిన ఇళ్లలోనూ కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఇదే సందర్భంలో కొన్ని అపోహలూ తీర్చాలి. దెబ్బ తగలడం వల్ల, సైకిల్ తొక్కడం వల్ల, హస్తప్రయోగం వల్ల ఈ జబ్బు రాదు. అంటుకునేదీ కాదు. ‘నేనేదో తప్పు చేశాను, అందుకే ఇలా అయింది’ అన్న అపరాధభావం చాలామంది కుర్రాళ్ల నోరు కట్టేస్తుంది. ఆ ఒక్క వాక్యం తప్పని చెబితే సగం బరువు దిగుతుంది.

సిగ్గు ఒక గడప, భాష ఇంకో గడప

మన ఇళ్లలో ఈ అవయవానికి రెండే రకాల మాటలున్నాయి. పసివాడితో ముద్దుగా అనే మాట ఒకటి, వీధిలో వినిపించే తిట్టు ఇంకొకటి. రెండింటికీ మధ్య, పదిమందిలో తలెత్తుకుని చెప్పే మాట లేదు. పాఠ్యపుస్తకంలో ‘వృషణం’ ఉంది. కానీ పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేసే తరగతి గదులు ఎన్నో. దాంతో ఆ మాట పరీక్ష కాగితం మీదే ఉండిపోతుంది.

మన పిల్లలకు ఈ మొదటి గడప దాటినా ఇంకొకటి ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు. ఆసుపత్రిలో డాక్టరు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో అడుగుతాడు. యానాంలో ఊరి ఆసుపత్రి మాట తెలుగే, కానీ పెద్ద చికిత్సకు పుదుచ్చేరి వెళితే చుట్టూ తమిళమే. బజారులో బేరమాడేంత భాష మన పిల్లలకు బాగానే వస్తుంది. దేహం గురించి చెప్పే భాష ఎవరూ నేర్పరు. సిగ్గుపడే సంగతిని రాని భాషలో చెప్పాలంటే పెద్దవాళ్లే తడబడతారు. పక్కన అనువాదం చేయడానికి చెల్లెలినో మేనత్తనో కూర్చోబెడితే ఆ కుర్రాడు ఇక నోరు విప్పడు.

అయితే ఈ గడప కనిపించినంత ఎత్తు కాదు. కన్నడంలోనూ మరాఠీలోనూ మాట వృషణమే. ఒడియాలో అండకోష అంటారు. తమిళంలో విదై, సంచిని విదైప్పై అంటారు. విదై అంటే విత్తనం. మన పెద్దలు బీజం అన్నదీ అదే. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద తెలుగు మాట పక్కన ఆ రాష్ట్ర భాష మాట ఒకటి రాస్తే చాలు, పిల్లవాడి చేతికి రెండు గడపలకూ తాళంచెవి ఇచ్చినట్టే.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది?

ముందు జనరల్ సర్జన్‌కో యూరాలజిస్టుకో చూపించాలి. చేత్తో చూశాక అల్ట్రాసౌండ్ స్కాన్ తీస్తారు. నొప్పి ఉండదు. అనుమానముంటే కొన్ని రక్తపరీక్షలు చేస్తారు. క్యాన్సర్ అని గట్టిగా అనిపిస్తే గజ్జ దగ్గర కోసి ఆ వృషణాన్ని తీసి పరీక్షకు పంపుతారు. సంచిలోంచి సూది గుచ్చి ముక్క తీయడం ఈ జబ్బులో సాధారణంగా చేయరు. జబ్బు కొత్త దారుల్లో పాకే ప్రమాదం ఉంటుంది. ఎవరైనా తొందరపడి అలా చేద్దామంటే క్యాన్సర్ వైద్యుని సలహా అడగటం మన హక్కు.

ముంబైలో టాటా మెమోరియల్, బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉన్నాయి. మనవాళ్లు స్థిరపడ్డ ప్రతి రాష్ట్రానికీ ఒక పెద్ద దిక్కు ఉంది.

ఇంట్లో పైకి అనకపోయినా అందరి మనసులో ఉండే ప్రశ్న పెళ్లి. ఒక వృషణం తీసేసినా రెండోది ఆరోగ్యంగా ఉంటే మగతనానికి లోటు రాదు. గొంతు మారదు, గడ్డం పోదు, దాంపత్యం చెడదు. ఎక్కువమందికి పిల్లలు కూడా పుడతారు. కీమోథెరపీ వల్ల వీర్యకణాలు తగ్గే అవకాశం ఉంది కనుక, చికిత్స మొదలవకముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలుందా అని డాక్టరును తప్పక అడగాలి. చికిత్స మొదలయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది.

బడిలో ఏం చేయవచ్చు?

పెద్ద ఖర్చూ అక్కర్లేదు, ప్రత్యేక పీరియడూ అక్కర్లేదు. పునరుత్పత్తి పాఠాన్ని దాటేయకుండా చెప్పండి. వృషణం అన్న మాటను కన్ను, కాలు అన్నంత మామూలుగా పలకండి. మొదటిసారి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. రెండోసారి వింటారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు పిల్లల ఆరోగ్య పరీక్షలకు బృందాలు వచ్చినప్పుడు, మగపిల్లలతో విడిగా పది నిమిషాలు మాట్లాడమని వైద్యుణ్ణి కోరండి. తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు పక్కనుండి మాట అందించాలి. మన ఊళ్లో తెలుగు తెలిసిన వైద్యుడుంటే ఏడాదికోసారి పిలవండి.

ఒక్క హద్దు మాత్రం గట్టిగా పాటించాలి. ఉపాధ్యాయుడు చెప్పాలి తప్ప చూడకూడదు, చూపించమనకూడదు. శరీరాన్ని పరీక్షించేది డాక్టరు ఒక్కరే, అదీ ఇంటివాళ్లకు తెలిసి. ఈ మాట పిల్లలకు కూడా ముందే చెప్పండి. తమ శరీరం మీద తమకు హక్కుందని తెలిసిన పిల్లవాడికి అనేక విధాల రక్షణ.

ఇక ఇంట్లో. తండ్రి మగ్గం మీదో, షిఫ్టులోనో, పరాయి ఊళ్లోనో ఉండి తీరిక లేనివాడైతే అన్నో, మేనమామో, బాబాయో ఈ మాట అందుకోవచ్చు. ఎవరూ లేకపోతే అమ్మే చెప్పవచ్చు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘అక్కడ ఏదైనా గడ్డలా తగిలినా, వాచినా, నొప్పి పెట్టినా నాతో చెప్పు నాన్నా, తిట్టను, నవ్వను, ఎవరికీ చెప్పను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను’ అంటే చాలు. పదమూడేళ్లప్పుడు విన్న ఆ మాట పదిహేడేళ్లప్పుడు గుర్తుకొస్తుంది.

ఈసారి ఎవరైనా పిల్లవాడు బల్ల దగ్గరకొచ్చి తలవంచుకుని ‘కడుపునొప్పి సార్’ అంటే, సెలవుచీటీ మీద సంతకం పెట్టేముందు అతన్ని వరండాలోకి తీసుకెళ్లి నెమ్మదిగా అడగండి: ‘ఎక్కడ నాయనా, కడుపులోనేనా, ఇంకా కిందా?’ అడిగాక కాసేపు ఆగండి. జవాబు చెప్పడానికి వాడికి ఆ కాస్త వ్యవధి కావాలి.